పాత 'కరెంటు వైద్యం' పెట్టెల్ని గుర్తుపట్టడం ఎలా

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఎస్టేట్ సేల్‌లోనో ఫ్లీ మార్కెట్‌లోనో, ఇక్కడివాళ్ళకి ఎప్పుడైనా జుమ్మెరాత్ బజార్‌లాంటి చోట పాత సామాను గుట్టల్లోనో, అదీ కాకపోతే అర్ధరాత్రి ఫోన్‌లో ఈబే తిప్పుతుంటేనో ఇలాంటి పెట్టె ఒకటి ఎదురవుతుంది. పైన నల్ల రెగ్జిన్, లోపల మాసిపోయిన ముఖమల్, అందులో గాజు గొట్టాలో ఇత్తడి పిడులో ఉంటాయి. మూత లోపలి కాగితం మీద తలనొప్పి నుంచి పక్షవాతం దాకా రోగాల జాబితా ఉంటుంది. అమ్మేవాడిని అడిగితే "చాలా పాతదండీ, డాక్టర్లు వాడేది" అంటాడు. అది ఏమిటో, ఎప్పటిదో, నిజంగా డాక్టర్లు వాడిందో కాదో మీరే తేల్చుకోవాలంటే ఏం చూడాలో చెప్తాను.

ఒక మాట ముందే. ఈ పెట్టెల్లో చాలావాటిలో నిజంగానే కరెంటు పుడుతుంది, ముట్టుకుంటే ఒళ్ళు జల్లుమంటుంది. అబద్ధం ఉండేది ఆ మూత మీది కాగితంలో. అదే తీగ చుట్టతో ఫ్రెంచి డాక్టర్ డ్యూషేన్ కండరాల జబ్బుల్ని పరీక్షించాడు, అదే చుట్టతో ఇంకొకడు క్షయ నయం చేస్తానని డబ్బు గుంజాడు. కాబట్టి యంత్రం ఒక్కటే చూసి 'ఇది బూటకం' అనడానికి లేదు. యంత్రమూ కాగితమూ రెండూ చదవాలి.

ప్లగ్గు జోలికి వెళ్ళకండి

పని చేస్తుందో లేదో చూద్దామని చెయ్యి దురద పెడుతుంది, నాకు తెలుసు. వద్దు. 1910ల, 1920ల వైర్లు రబ్బరు మీద గుడ్డ అల్లినవి. పైన గుడ్డ బాగానే ఉంటుంది, లోపల రబ్బరు ఎండి పొడి పొడిగా రాలిపోయి ఉంటుంది, వంచగానే రాగి రాగికి తగులుతుంది. ఎర్త్ అనేది ఉండదు. అమెరికా సరుకైతే 110 వోల్టులకి చేసింది, మన గోడలో ఉన్నది 230. కన్వర్టర్ పెట్టినా పాత ఇన్సులేషన్ కొత్తది అయిపోదు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే, చేత్తో తిప్పే యంత్రాన్ని కూడా సరదాకి ముట్టించకండి.

పెట్టె తెరిచేటప్పుడు చేతులకి గ్లౌజులు వేసుకోండి. బ్యాటరీ పెట్టెల్లో నల్లటి గట్టి రబ్బరు గిన్నెలుండి వాటి అడుగున నారింజ రంగు పొక్కులు కట్టి ఉంటే, అది బైక్రోమేట్ ద్రావణం ఎండిన మడ్డి. ఆ రోజుల్లో జింకు, కార్బన్ పలకల్ని పొటాషియం బైక్రోమేటు, గంధకామ్లం కలిపిన నీళ్ళలో ముంచి కరెంటు తీసేవారు. అది క్యాన్సర్ కారకం, గోళ్ళతో గీకి చూసే సరుకు కాదు. అతినీలలోహిత దీపాల్లో పాదరసం ఉండొచ్చు, వేడి చేసే ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పేరులో ఎక్కడైనా 'రేడియం' అని కనిపిస్తే దాన్ని విప్పకుండా పక్కన పెట్టి గీగర్ కౌంటర్ (రేడియోధార్మికతని కొలిచే పరికరం) ఉన్నవాళ్ళని పిలవండి. కొన్నిటిలో ఆ పేరు ఉత్త డాబు, కొన్నిటిలో నిజంగానే రేడియం ఉంది.

కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది?

గుర్తింపులో ముప్పాతిక వంతు పని ఈ ఒక్క ప్రశ్నతో అయిపోతుంది. ప్లగ్గుందా, బ్యాటరీకి చోటుందా, తిప్పే పిడి ఉందా, ఇవేవీ లేవా?

తిప్పే పిడి ఉండి, లోపల గుర్రపునాడా అయస్కాంతం, దాని కొనల ముందు గిర్రున తిరిగే రెండు తీగ చుట్టలు ఉంటే అది మాగ్నెటో యంత్రం. వీటిలో పేరుమోసింది డేవిస్ అండ్ కిడ్డర్ వాళ్ళది. 1854 ఆగస్టు 1న ఆరీ డేవిస్‌కి వచ్చిన పేటెంట్ అది, 'నరాల జబ్బులకి' అని మూత లోపలి కాగితం మీదే అచ్చేసి ఉంటుంది. చిన్న చెక్కపెట్టె, రెండు ఇత్తడి గొట్టాలు. రోగి చెరో చేత్తో ఒకటి పట్టుకుంటే ఇంకొకరు పిడి తిప్పుతారు, ఎంత జోరుగా తిప్పితే అంత గట్టి షాక్. అయితే కాగితం మీద 1854 అని ఉంది కదా అని మీ పెట్టె వయసు 170 ఏళ్ళు అనుకోకండి, ఆ కాగితాన్నే దశాబ్దాల పాటు అంటించి అమ్మారు.

బ్యాటరీకి చోటు ఉంటే దాని కొలత చూడండి. సుమారు ఆరు అంగుళాల ఎత్తు, రెండున్నర అంగుళాల వెడల్పు గుండ్రటి ఖాళీ ఉందంటే అది 'నంబర్ 6' డ్రై సెల్ కోసం వదిలింది, ఒకటిన్నర వోల్టుది. పక్కనే ఇనప కడ్డీల కట్ట చుట్టూ తీగ చుట్టి ఉంటుంది, దాని కొస దగ్గర టకటక కొట్టుకునే చిన్న రేకు ఒకటి ఉంటుంది, కాలింగ్ బెల్లులో ఉండే రకం. ఇది ఇండక్షన్ కాయిల్, ఒకటిన్నర వోల్టుని షాక్ కొట్టేంత పెంచేది. ఇక్కడ తప్పక చూడాల్సిన భాగం, కడ్డీల మీదికి దూరి బయటికి లాగగలిగే సన్నటి ఇత్తడి గొట్టం. గొట్టం లోపల ఉన్నంతసేపు షాక్ మెత్తగా ఉంటుంది, బయటికి లాగేకొద్దీ గట్టిపడుతుంది. వాల్యూమ్ బటన్ అన్నమాట. ఈ గొట్టం ఉంటే అది శరీరానికి పెట్టడానికే చేసిన కాయిల్ అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు, ఎందుకంటే మోటారు కార్ల ఇగ్నిషన్ కాయిల్‌కి దాంతో అవసరం లేదు. న్యూయార్క్‌లో జెరోమ్ కిడ్డర్, షికాగోలో మెకింటోష్ కంపెనీ ఇలాంటి బ్యాటరీ పెట్టెలు చేసేవారు. డాక్టర్లు కూడా కొనేవారు, అందుకే వీటిని గుడ్డిగా బూటకం ఖాతాలో వేయకండి. ఇవాళ ఫిజియోథెరపీ సెంటర్‌లో కండరాలకి పెట్టే కరెంటు వీటి వారసురాలే.

గోడ ప్లగ్గుతో నడిచేవాటిలో ఎక్కువగా దొరికేది వయొలెట్ రే. లావుపాటి నల్లటి పిడి, దాని కొసన గాజు గొట్టం దూర్చే రంధ్రం, ఇంకో కొసన తిప్పే బుడిపె. పిడిలో టెస్లా కాయిల్ తరహా చుట్ట ఉంటుంది, వేల వోల్టులు పుట్టిస్తుంది కానీ కరెంటు మోతాదు బాగా తక్కువ. గాజు గొట్టంలో గాలి తీసేసి ఉంటారు కాబట్టి లోపల ఊదారంగు వెలుగు వస్తుంది. నియాన్ నింపినదైతే ఎర్రగా వెలుగుతుంది. దువ్వెన ఆకారం జుట్టుకి, పుట్టగొడుగు ఆకారం ముఖానికి, సన్నటివి గొంతుకి, ఇంకా చెప్పకూడని చోట్లకి కూడా. రెన్యూలైఫ్, మాస్టర్ ఎలక్ట్రిక్, బ్రాన్‌స్టన్, షెల్టన్, ఇంగ్లండువి అయితే రోజర్స్ వైటలేటర్, ఈ పేర్లు తరచుగా కనిపిస్తాయి. పెట్టె లోపల ముఖమల్ గూళ్ళు లెక్కపెట్టండి, ఎన్ని గూళ్ళుంటే అన్ని గొట్టాలు ఉండాలి. కొన్న ధరలో ఖాళీ గూళ్ళ లెక్క కూడా ఉండాలి మరి.

ఇక్కడే ఒక చిక్కు. బ్యూటీ పార్లర్‌లో 'హై ఫ్రీక్వెన్సీ' అని ముఖానికి పెట్టే గాజు గొట్టం చూశారు కదా, అది ఈ వయొలెట్ రే తోబుట్టువే, ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. వాటిని కాస్త మురికి చేసి పాతవని అంటగట్టేవాళ్ళుంటారు. పిడి కింద సీఈ ముద్ర (యూరప్‌లో ఇప్పటి సరుకు మీద వేసే CE గుర్తు), తేలికపాటి ప్లాస్టిక్, పోత పోసిన ప్లగ్గు ఉంటే పాత కథ నమ్మకండి.

ప్లగ్గున్న వాటిలో ఇంకొకటి, గుర్రం మెడలో వేసే పట్టెడలాంటి పెద్ద వలయం. దాని పేరు ఐయోనాకో, 1925లో లాస్ ఏంజిలిస్‌లో గేలార్డ్ విల్‌షైర్ మొదలుపెట్టాడు (అక్కడి విల్‌షైర్ బులెవార్డ్ ఈయన పేరు మీదే). మెడకో నడుముకో తగిలించుకుంటే రక్తంలోని ఇనుముకి అయస్కాంత శక్తి వస్తుందని ప్రచారం. దాంతోపాటు చిన్న బల్బు తగిలించిన ఇంకో చుట్ట ఇచ్చేవారు, పెద్ద వలయం దగ్గరికి తెస్తే వైరు లేకుండానే బల్బు వెలిగేది. ట్రాన్స్‌ఫార్మర్ సూత్రం తెలిసినవాడికి అందులో వింతేమీ లేదు, కానీ 1920ల్లో ఆ బల్బు చూసి ఎంతమంది పర్సులు తెరిచి ఉంటారో ఊహించుకోండి. థెరనాయిడ్ అనేది దీని నకలు, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1933లో దాని ప్రచారానికి అడ్డుకట్ట వేసింది. ఆ చిన్న బల్బు చుట్ట కూడా దొరికితే వదలకండి, చాలా సెట్లలో పోయేది అదే.

ప్లగ్గూ లేదు, బ్యాటరీ లేదు, పిడీ లేదు

నాకు అన్నిటికన్నా సరదా ఈ జాతి.

బెల్టు ఆకారంలో ఉండి, గుడ్డకి రాగి, జింకు బిళ్ళలు జంటలుగా కుట్టి ఉంటే అది ఎలక్ట్రిక్ బెల్టు. వెనిగర్‌తోనో చెమటతోనో తడిస్తే నామమాత్రపు కరెంటు పుడుతుంది. ముందు వైపు వేలాడే సంచిలాంటిది కూడా ఉంటే, అది మగవాళ్ళ 'బలహీనత' పేరు చెప్పి అమ్మింది. ఇప్పటి గోడల మీది 'గుప్త రోగాల' ప్రకటనలకీ దానికీ భాషలో పెద్ద తేడా లేదు. సియర్స్ కేటలాగ్ హైడల్‌బర్గ్ బెల్టు అమ్మింది, లండన్‌లో కార్నీలియస్ హార్నెస్ కంపెనీ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో దుకాణం పెట్టి మరీ అమ్మింది. అంతకంటే పాతది పుల్వర్‌మాకర్ గొలుసు. చిన్న చిన్న చెక్కముక్కల మీద రాగి తీగ, జింకు తీగ పక్కపక్కనే చుట్టి గొలుసుగా కలిపి ఉంటుంది, వెనిగర్‌లో ముంచి ఒంటికి చుట్టుకోవాలి. 1850 ప్రాంతంలో వచ్చింది. రాగి మీద పచ్చటి చిలుము, జింకు మీద తెల్లటి పొడి కనిపిస్తే తోమి మెరిపించకండి, రెండు లోహాలూ అసలువే అని చెప్పే సాక్ష్యం అది.

జుట్టు దువ్వుకునే బ్రష్షు మీద 'ఎలక్ట్రిక్' అని ఉంటే అది 1880ల డాక్టర్ స్కాట్ బ్రష్షు కావచ్చు. అందులో కరెంటు అసలు లేదు, పిడిలో అయస్కాంతం చేసిన ఇనప కడ్డీలు దాచారు, అంతే. శక్తి ఉందని రుజువు చూపడానికి పెట్టెలో చిన్న దిక్సూచి పెట్టి ఇచ్చేవారు, బ్రష్షు దగ్గరికి తీసుకెళ్తే ముల్లు గిర్రున తిరుగుతుంది. మీరు ఇంట్లో పరీక్ష చేయాలన్నా అదే పద్ధతి, ఏదో ఒక దిక్సూచి తెచ్చి పిడి పక్కన పెట్టండి.

నికెల్ పూత పోసిన లోహపు గొట్టం, దానికి ఒక తీగ, తీగ కొసన కాలికి కట్టుకునే బిళ్ళ. ఇది ఆక్సిడోనర్, హెర్క్యులీస్ శాంచే అనే ఆయన 1890ల్లో అమ్మిన సరుకు. గొట్టాన్ని చల్లటి నీళ్ళలోనో ఐసులోనో పడేసి, బిళ్ళ మడమకి కట్టుకుని పడుకుంటే గాలిలోని ఆక్సిజన్ ఒంట్లోకి పీల్చుకుంటారట! మల్టీమీటర్ పెట్టండి, ఏమీ చూపించదు. ఈ జాతి మొత్తానికి అమెరికా డాక్టర్ల సంఘం 'గ్యాస్ పైపు' వైద్యం అని పేరు పెట్టింది, గొట్టం చూస్తే ఎందుకో మీకే అర్థమవుతుంది.

ఇక డయల్స్ నిండిన నల్ల పెట్టెలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆల్బర్ట్ ఏబ్రమ్స్ అనే డాక్టరు ఒక్క రక్తపు చుక్కతో ఏ రోగమైనా చెప్తానన్నాడు. వైద్యం చేసే యంత్రానికి ఆసిలోక్లాస్ట్ అని పేరు, దాన్ని అమ్మకుండా అద్దెకే ఇచ్చేవాడు, విప్పి చూడకూడదని షరతు. ఆయన 1924 జనవరిలో పోయాడు కానీ ఆ దారి పట్టినవాళ్ళు చాలామంది, వాళ్ళలో లాస్ ఏంజిలిస్ రూత్ డ్రౌన్‌ని 1951లో కోర్టు దోషిగా తేల్చింది. గుర్తు ఏమిటంటే ముందు పలక మీద ఘనంగా సంఖ్యల డయల్స్ ఉంటాయి, వెనక్కి తిప్పి మూత తీస్తే ఆ వైర్లు ఒక అర్థమున్న సర్క్యూట్‌గా ఎక్కడా కలవవు. రేడియో రిపేరు తెలిసినవాళ్ళు ఒక్క నిమిషంలో పట్టేస్తారు.

మనకి సంబంధం ఉన్నది ఒకటుంది, చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. స్పెక్ట్రో-క్రోమ్ అని, స్టాండు మీద నిలబెట్టిన లోహపు డబ్బా, లోపల 1000 వాట్ల బల్బు, ముందు రంగు గాజు పలకలు మార్చుకునే గాడి. కనిపెట్టింది 1873లో బొంబాయిలో పుట్టిన పార్సీ, దిన్షా ఘడియాలి. అమెరికా వెళ్ళి న్యూజెర్సీ మలాగాలో సంస్థ పెట్టి, ఐదు రంగుల గాజుల్ని కలిపి 12 రంగులు చేసి, ఒక్కో రోగానికి ఒక్కో రంగు అన్నాడు. రోగి తల ఉత్తరం వైపు పెట్టి బట్టల్లేకుండా పడుకోవాలి. మన ఇళ్ళలో ఉత్తరం తల పెట్టుకుంటే అమ్మమ్మ లేపి మరీ తిప్పేది, ఆయన డబ్బు తీసుకుని అటే పెట్టించాడు. 1947లో కోర్టు శిక్ష వేసింది. గాజు పలకలు ఐదూ ఉన్న సెట్టు దొరికితే మంచిది, డబ్బా ఒక్కటే దొరికితే పాత స్టేజీ లైటు అనుకుని పారేసే ప్రమాదం ఉంది.

కాలం తేల్చడం

భూతద్దం తీసుకుని లోహపు పలక చదవండి. అమెరికా పేటెంట్ నంబర్లకి ఒక గుర్తు పెట్టుకోండి. పది లక్షల నంబరు 1911లో, ఇరవై లక్షలది 1935లో, ముప్ఫై లక్షలది 1961లో ఇచ్చారు. నంబరు దొరికితే గూగుల్ పేటెంట్స్‌లో కొట్టండి, బొమ్మతో సహా వస్తుంది. పేటెంట్ తేదీ చెప్పేది 'అంతకుముందుది కాదు' అని మాత్రమే.

అడ్రసు ఇంకా బాగా చెప్తుంది. ఊరి పేరు తర్వాత 'షికాగో 11' లాగా ఒకటి రెండు అంకెలు (పోస్టల్ జోన్ నంబరు) ఉంటే 1943కీ 1963కీ మధ్యది, ఐదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 తర్వాతది. జర్మనీ సరుకు మీద డి.ఆర్.జి.ఎం. (DRGM, అక్కడి రిజిస్టర్డ్ డిజైన్ గుర్తు) అని ఉంటే 1891 లేదా ఆ తర్వాత. 'ఆక్యుపైడ్ జపాన్' అంటే యుద్ధం అయ్యాక 1952 లోపు. ప్లగ్గు స్థానంలో బల్బు హోల్డర్‌కి బిగించే మరల కొస ఉంటే, ఇళ్ళలో గోడ సాకెట్లు ఇంకా పూర్తిగా రాని రోజులది. బేకలైట్ (తొలి రకం గట్టి ప్లాస్టిక్) పిడి ఉంటే 1909కి ముందుది కాదు. ప్లస్ గుర్తు స్క్రూలు 1930ల మధ్యలో వచ్చాయి, అంతకన్నా పాతదని చెప్పే పెట్టెలో అవి కనిపిస్తే ఎవరో తర్వాత విప్పి బిగించారన్నమాట.

కాగితం భాష కూడా వయసు చెప్తుంది. అమెరికాలో 1906 చట్టం మందుల దాకానే వచ్చింది, యంత్రాల్ని పట్టించుకోలేదు. 1938 చట్టంతోనే యంత్రాలూ దాని కిందికి వచ్చాయి. అందుకే క్యాన్సర్, క్షయ, పక్షవాతం అని బాహాటంగా రాసుకుంటే సాధారణంగా 1938కి ముందుది, 'అలసట తగ్గిస్తుంది, హాయినిస్తుంది' అని మెత్తగా నసిగితే తర్వాతది. ఇదొక అంచనా మాత్రమే, 1949లో మొదలైన రిలాక్సాసైజర్ అనే, కండరాలకి కరెంటు పెట్టే యంత్రం కదలకుండానే సన్నబడతారని చెప్పి 1970 దాకా నడిచింది, లక్షల్లో అమ్ముడుపోయింది.

కాని వాటిని తీసేయడం

తిప్పే పిడి, అయస్కాంతం ఉన్న ప్రతిదీ షాక్ పెట్టె కాదు, పాత టెలిఫోన్లలో గంట కొట్టడానికి సరిగ్గా అలాంటి జనరేటరే ఉంటుంది. ఆన్‌లైన్‌లో టెలిఫోన్ మాగ్నెటోకి రెండు ఇత్తడి గొట్టాలు తగిలించి 'విక్టోరియా కాలపు వైద్య యంత్రం' అని పెట్టినవి నేను చూశాను. చేత పట్టుకునే పిడులు అసలువేనా, వాటి తీగ పెట్టెలో మొదటి నుంచీ ఉన్న బిగింపుకే వస్తోందా అని చూడండి. టెలిగ్రాఫ్ నేర్చుకునే సెట్లు, క్రిస్టల్ రేడియోలు, పాత ఫోర్డు కార్ల ట్రెంబ్లర్ కాయిల్ పెట్టెలు కూడా ఇలాగే మోసం చేస్తాయి. వీడీ అనే చేతి మసాజు యంత్రంలో కరెంటు అసలు ఉండదు, అంతా పళ్ళ చక్రాలే.

పోల్చి చూసుకోవడానికి మినియాపొలిస్‌లోని బ్యాకెన్ మ్యూజియం ఉంది, బ్యాటరీతో నడిచే పేస్‌మేకర్ చేసిన ఎర్ల్ బ్యాకెన్ పెట్టింది. పక్కనే సెయింట్ పాల్‌లోని సైన్స్ మ్యూజియం ఆఫ్ మినెసోటాకి బాబ్ మెకాయ్ సేకరించిన బూటకపు యంత్రాలన్నీ చేరాయి. ఇంగ్లండు వెళ్తే సాల్‌కోంబ్‌లో ఓవర్‌బెక్ ఇల్లు తెరిచి ఉందేమో కనుక్కోండి, రెజువనేటర్ అనే యంత్రం అమ్మి డబ్బు చేసుకున్న ఓవర్‌బెక్ దాన్ని నేషనల్ ట్రస్టు అనే, పాత కట్టడాలు కాపాడే సంస్థకి వదిలి వెళ్ళాడు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక జాగ్రత్త. వందేళ్ళు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు, వస్తే లైసెన్సు లేకుండా వ్యాపారం చేయడానికి లేదు, దేశం దాటించడానికి అసలు లేదు. విదేశీ కొనుగోలుదారు దొరికాడని సంబరపడి పార్సిల్ కట్టే ముందు పురావస్తు శాఖని అడగండి. సరదాకి కూడా 'ఇది ఫలానా రోగం తగ్గిస్తుంది' అని ప్రకటనలో రాయకండి, 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఇంకా అమల్లో ఉంది.

చివరగా ఒక చీటీ రాసి పెట్టెలో వేయండి, జిగురుతో అంటించొద్దు. నేను రాసే తీరు ఇది: "వయొలెట్ రే రకం. షికాగో చిరునామా, జోన్ నంబరు లేదు. మరల ప్లగ్గు, బేకలైట్ పిడి, కాబట్టి 1910-20ల అంచనా. గూళ్ళు ఆరు, గాజు గొట్టాలు నాలుగు, దువ్వెన గొట్టానికి కొసన పగులు. పుస్తకం ఉంది, రెండు పేజీలు లేవు. మూత గొళ్ళెం తర్వాత వేసింది. కరెంటు పెట్టి చూడలేదు."